చలిలో వేడి నిలిపే ఫ్లాస్కు: గోడ కన్నా ముందు మూతను చూడండి

ప్రశ్న: నేనూ మావారూ చలికాలంలో పక్షులను చూడటానికి తెల్లవారకముందే బయలుదేరి ఆరేడు గంటల పాటు ఆరుబయటే ఉంటాం. అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. మా దగ్గర అరలీటరు స్టీలు ఫ్లాస్కు ఉంది. దాని మూత మీద బటన్ నొక్కితే టీ వస్తుంది. పెట్టె మీద 12 గంటలు వేడిగా ఉంటుందని రాశారు. కానీ పాలు కలిపిన టీ మూడు గంటలకే వేడి తగ్గి, రెండోసారి పోసుకునేటప్పటికి గోరువెచ్చగా మిగులుతోంది. ఒకసారి చేయిజారి పడి అడుగున సొట్ట కూడా పడింది. 24 గంటలని రాసి ఉన్నది కొనమని దుకాణంలో అంటున్నారు. గాజుదే మేలని మా వదిన అంటోంది. ఏ కొలతలో, ఎలాంటి మూతతో, ఏది కొనాలి? పాతదాన్ని ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి నా సూచనను ముందే చెప్పి, కారణాలను తరువాత వివరిస్తాను. లోపలా వెలుపలా స్టీలు గోడలతో, వాటి మధ్య శూన్యంతో, ఒక లీటరు పట్టే ఫ్లాస్కు కొనండి. దాని మెడ సన్నగా ఉండాలి, మూత బటన్ లేకుండా మరతో బిగించేదై మెడలోకి లోతుగా దిగాలి. పెట్టె మీద 12 అని ఉందా 24 అని ఉందా అన్నది ఈ ఎంపికలో చివరికి చూడవలసిన విషయం.

ఆ గంటల సంఖ్య అబద్ధమని నా ఉద్దేశం కాదు. అయితే అది ఏ వేడి గురించి చెబుతోందో, ఏ చలిలో కొలిచారో తెలియకుండా ఆ సంఖ్యతో మనం చేయగలిగినది చాలా తక్కువ. 12 గంటల తరువాత 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీటిని కూడా వేడిగా ఉన్నట్టే లెక్కవేసే వారుంటారు. గడ్డకట్టే చలిలో కూర్చున్న మనిషికి ఆ నీళ్ళు ఏ ఊరటా ఇవ్వవు. జపాన్‌లో అమ్మే ఫ్లాస్కుల మీద రాసే పద్ధతి నాకు నచ్చుతుంది. సుమారు 20 డిగ్రీల గదిలో ఫ్లాస్కును వేడినీళ్ళతో నింపి, నీళ్ళు 95 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి నుంచి లెక్కపెట్టి, 6 గంటల తరువాత ఎన్ని డిగ్రీలు మిగిలాయో ఆ సంఖ్యను అక్కడ ముద్రిస్తారు. మీరు కొనబోయే దాని మీద అలాంటి సంఖ్య ఉంటే గంటల ప్రకటనను పక్కనబెట్టి దాన్నే చూడండి. రెండు ఫ్లాస్కులను పోల్చడానికి అంతకన్నా నమ్మదగిన ఆధారం పెట్టె మీద మరొకటి దొరకదు.

అలాంటి సంఖ్యతో మీరు వెళ్ళే చలికి తగిన లెక్క కూడా వేసుకోవచ్చు. వేడి వస్తువు చల్లారే వేగం దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. 20 డిగ్రీల గదిలో 95 డిగ్రీల నీళ్ళు 6 గంటల్లో 71కి దిగాయనుకోండి. మొదట 75 డిగ్రీలున్న తేడా 51కి తగ్గింది, అంటే అందులో 68 శాతం మిగిలింది. అదే ఫ్లాస్కును సున్నా డిగ్రీల చలిలో పెడితే 95 డిగ్రీల తేడాలో 68 శాతం నిలుస్తుంది కాబట్టి నీళ్ళు 65 డిగ్రీల దగ్గర ఉంటాయి. సున్నాకు 10 డిగ్రీలు కిందయితే 61 దగ్గరికి వస్తాయి. మూత ఒక్కసారి కూడా తీయకపోతేనే ఈ లెక్క నిలుస్తుంది, గాలి వీస్తే ఇంకొంత తగ్గుతుంది. ఇంట్లో చక్కగా పనిచేసిన ఫ్లాస్కు ఆరుబయట నిరాశపరచడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

మిగిలిన సగం మూతలో ఉంది. ఇది అర్థం కావాలంటే ఫ్లాస్కు నిర్మాణాన్ని కొంచెం తెలుసుకోవాలి. జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త 1892లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ పాత్రను రూపొందించింది వేడి పానీయాల కోసం కాదు, అతి చల్లని ద్రవవాయువులను నిలవ ఉంచడానికి. బయటి వేడిని లోపలికి రానివ్వని గోడ లోపలి వేడిని బయటికీ పోనివ్వదు కాబట్టి, కొన్నేళ్ళకు జర్మనీలో రైన్‌హోల్డ్ బర్గర్ అనే గాజు పనివాడు దాన్ని ఇళ్ళలో వాడుకునే వస్తువుగా మలిచాడు. ఇందులో గోడలు రెండు ఉంటాయి. వాటి మధ్య గాలిని తీసేస్తారు కనుక ఒక గోడ నుంచి మరో గోడకు వేడిని మోసుకుపోవడానికి అక్కడ ఏమీ ఉండదు. కిరణాల రూపంలో దాటిపోయే వేడిని ఆపడానికి గాజుకైతే వెండిపూత పూస్తారు, మేలురకం స్టీలు ఫ్లాస్కుల్లో రాగిపూతో పలుచని లోహపు రేకో వాడతారు. అయితే ఈ రెండు గోడలూ మూతి దగ్గర ఒకదానితో ఒకటి అతుక్కోక తప్పదు. వేడికి లోహం గుండా బయటికి దారి దొరికేది ఆ అంచు దగ్గరే. దాని మీద కూర్చునే మూతలో శూన్యం ఉండదు, సాధారణంగా ప్లాస్టిక్కూ దాని లోపల కొంత నురగపదార్థమో ఖాళీ గాలో ఉంటాయి. అందువల్ల శూన్యం సరిగా ఉన్న ఏ ఫ్లాస్కులోనైనా వేడి ఎక్కువగా పోయేది మెడ నుంచీ మూత నుంచే. పేరున్న రెండు ఫ్లాస్కుల గోడల మధ్య పెద్ద తేడా ఉండకపోవచ్చు, మూతల మధ్య మాత్రం చాలా తేడా ఉంటుంది.

కాబట్టి దుకాణంలో ముందుగా మూత విప్పి చేతిలోకి తీసుకోండి. మెడలోకి దిగే భాగం రెండు మూడు అంగుళాల లోతున్నదా, పైపైన మూసే పలుచని బిళ్ళ లాంటిదా చూడండి. లోతుగా దిగే బిరడా వేడి పైకి పోయే దారిని పొడవు చేస్తుంది. వేలితో తట్టితే మరీ డొల్లగా మోగే దానికన్నా లోపల నిండుగా ఉన్నది మేలు. దాని మీద మళ్ళీ గిన్నెలా బోర్లించే మూత ఉండి, అది కప్పులా కూడా పనికివస్తే మరీ మంచిది, ఎందుకంటే ఆ రెండు మూతల మధ్య చిక్కుకున్న గాలి కూడా కొంత వేడిని ఆపుతుంది. ఆ కప్పు కూడా రెండు గోడలతో చేసినదైతే చేతికి కాలదు, పోసుకున్న టీ త్వరగా చల్లారదు.

మీ దగ్గరున్న నొక్కుడు మూత ఆఫీసు బల్ల మీదకు, కారు ప్రయాణానికి హాయిగా ఉంటుంది; సున్నా డిగ్రీల ఆరుబయలుకు అది తగినది కాదు. అందులో స్ప్రింగు, వాల్వు, సన్నటి దారి ఉంటాయి కనుక వేడిని ఆపే పదార్థానికి చోటు మిగలదు. ఒకసారి పోసుకున్నాక ఆ దారిలో నిలిచిన తడి గడ్డకట్టి బటన్ బిగుసుకుపోవచ్చు. స్ట్రా ఉన్నవీ, మూతి పెట్టి తాగే సన్నటి ముక్కు ఉన్నవీ చలికి ఇంకా త్వరగా మూసుకుపోతాయి. పైగా పాలు కలిపిన టీ ఆ వాల్వు సందుల్లో చేరి నిలిచిపోతే దాన్ని పూర్తిగా శుభ్రం చేయడం కష్టం. అయితే బటన్ మూతలో ఒక సుగుణం ఉందని ఒప్పుకోవాలి, పోసే ప్రతిసారీ మూత మొత్తం విప్పనక్కరలేదు. ఆ సౌకర్యం కావాలంటే బిరడాను పూర్తిగా తీయకుండా ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే పక్కనున్న గాడి గుండా పోసుకోగలిగే రకం తీసుకోండి. అందులో కదిలే భాగాలు ఉండవు, బిరడా కూడా లోతుగానే ఉంటుంది.

చేతికి తొడుగులు వేసుకుని ఆ మూతను తిప్పగలరో లేదో దుకాణంలోనే ప్రయత్నించండి. చలికి మొద్దుబారిన వేళ్ళతో నున్నటి గుండ్రని మూతను విప్పడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. అంచున లోతైన గాడులున్న పెద్ద మూత అక్కడ నిజంగా అక్కరకొస్తుంది. వెలుపలి గోడ కూడా మెరిసే ఉత్త స్టీలుగా ఉండకుండా గరుకైన రంగుపూతతో ఉంటే పట్టు జారదు. ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోయినప్పుడు తడి చర్మం ఉత్త లోహానికి అంటుకుపోతుంది కాబట్టి ఆ పూత ఒక రక్షణ కూడా.

మెడ విషయం కూడా ఇక్కడే చెబుతాను. వెడల్పాటి మూతి ఉన్నవి కడగడానికి తేలిక, చిక్కటి సూపు వంటివి పోసుకోవడానికి వీలు. కానీ మూతి వెడల్పు పెరిగితే మూత వైశాల్యమూ అతుకు అంచు పొడవూ పెరుగుతాయి, వేడి పోయే దారి విశాలమవుతుంది. మీరు నింపేది పలుచని పానీయం కనుక, కడగడానికి సన్నటి బ్రష్షు పట్టేంత మెడ ఉంటే చాలు.

ఇక కొలత సంగతి. ఒకే ఆకారంలో ఉన్న పాత్రను అన్ని వైపులా రెట్టింపు చేస్తే దానిలో పట్టే ద్రవం ఎనిమిది రెట్లవుతుంది, ఉపరితలం మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. ఫ్లాస్కుల్లో ఈ లాభం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చాలా రకాల్లో అరలీటరుదానికీ లీటరుదానికీ మెడా మూతా ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. వేడి పోయే దారి అంతే ఉండి, దాచుకున్న వేడి రెట్టింపవుతుంది. ఒకే తయారీలో పెద్దది ఎప్పుడూ ఎక్కువసేపు వేడిగా ఉండటానికి కారణం ఇదే.

సగం ఖాళీ అయిన ఫ్లాస్కు త్వరగా చల్లారడానికీ ఇదే కారణం. లోపలికి వచ్చిన చల్లగాలి టీని చల్లార్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కాస్త గాలి పీల్చుకునే వేడి లెక్కలోకి రానంత తక్కువ. అసలు నష్టం వేరే ఉంది. మెడ నుంచి పోయే వేడి మునుపటిలాగే పోతుంటుంది, దాన్ని భరించవలసిన ద్రవం మాత్రం సగానికి తగ్గింది, అందువల్ల మిగిలిన టీ దగ్గరదగ్గర రెట్టింపు వేగంతో చల్లారుతుంది. మీ అరలీటరు ఫ్లాస్కులో ఇద్దరికీ మొదటిసారి పోసుకున్నాక మిగిలేది మహా అయితే 200 మిల్లీలీటర్లు. మిగిలిన మూడు నాలుగు గంటలూ అంత తక్కువ టీ వేడిగా ఉండాలని ఆశించడం ఏ ఫ్లాస్కు విషయంలోనైనా న్యాయం కాదు. లీటరు ఫ్లాస్కును నిండా నింపి తీసుకెళితే, ఒక్కొక్కరు 180 మిల్లీలీటర్ల చొప్పున మొదటిసారి తాగిన తరువాత కూడా 640 మిల్లీలీటర్లు మిగులుతాయి. మీ పాత ఫ్లాస్కు నిండుగా ఉన్నప్పుడు పట్టే దానికన్నా ఇది ఎక్కువ. రెండోసారి తాగాక ఇంకా కొంత మిగిలిపోయినా అది వృథా అనుకోకండి. ఆ మిగులే మీ రెండో కప్పును వేడిగా ఉంచింది.

రెండు చిన్న ఫ్లాస్కులు తీసుకెళ్ళి రెండోదాన్ని చివరిదాకా తెరవకుండా ఉంచమనే సలహా తరచుగా వినిపిస్తుంది. ప్రతి అరగంటకూ ఒక గుక్క తాగే అలవాటున్నవారికి అది సరైన సలహాయే, ఎందుకంటే మాటిమాటికీ తెరిచేది ఒకటిగా, ముట్టనిది ఒకటిగా విడిపోతాయి. మీలాగా రెండే సార్లు తాగేవారికి మాత్రం ఒక పెద్దదే నయం. చిన్నవి రెండూ మొదటి నిమిషం నుంచే వేగంగా చల్లారడం మొదలుపెడతాయి, పైగా రెండు మూతలు, రెండు మెడలు. బరువును మాత్రం దాచకుండా చెప్పాలి. లీటరు స్టీలు ఫ్లాస్కు ఖాళీగానే అరకిలోకు పైచిలుకు తూగుతుంది, నింపితే కిలోన్నర దాటుతుంది. చాలా దూరం నడవవలసి ఉండి, ఆ బరువు భుజానికి భారమనిపిస్తే 750 మిల్లీలీటర్లది తీసుకోండి, అంతకన్నా తగ్గకండి.

మీ వదినగారి మాటలో కూడా సత్యం ఉంది. గాజు ద్వారా వేడి ప్రవహించే వేగం స్టీలుతో పోలిస్తే పదో వంతు కన్నా తక్కువ కాబట్టి, మెడ దగ్గర గోడల అతుకు గుండా పోయే వేడి గాజు ఫ్లాస్కులో తగ్గుతుంది. మంచి గాజు ఫ్లాస్కు వేడిని నిలపడంలో స్టీలుకు తీసిపోదు, కొన్నిసార్లు మించుతుంది కూడా. టీ రుచిని గాజు ఏ మాత్రం మార్చదు, లోపలి గాజు పగిలితే కొన్ని రకాల్లో అదొక్కటే మార్చుకోవచ్చు. ఇంట్లో బల్ల మీద ఉంచుకోవడానికైతే నేను కూడా గాజునే సమర్థిస్తాను. కానీ సంచిలో కుదుపులకు లోనై, చీకట్లో రాళ్ళ మీద దింపవలసిన వస్తువుకు గాజు తగదు. బాగా చల్లబడిన గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది, పగిలిన సంగతి పైకి కనిపించకపోతే సన్నటి గాజు పెంకులు టీలోకి వస్తాయి. ఆరుబయటకు స్టీలే క్షేమం. స్టీలు తయారీదారులు గోడను మెడ దగ్గర చాలా పలుచగా చేసి వేడి నష్టాన్ని తగ్గిస్తారు. అంత పలుచగా ఉంటుంది కనుక మరీ తేలికైన ఫ్లాస్కులకు సొట్టలు కూడా సులువుగా పడతాయని గుర్తుంచుకోండి.

స్టీలు రకం గురించి ఎక్కువగా తలపట్టుకోనక్కరలేదు. 304 అనో 18/8 అనో రాసి ఉంటే అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నాయని అర్థం; టీ, కాఫీ, వేడినీళ్ళకు అది చాలు. 316 రకం ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది. ఉప్పు వేసిన సూపులు తరచుగా పోసేవారికి అది పనికివస్తుంది, మీకు దాని అవసరం లేదు. చూడవలసిన మాట మరొకటి ఉంది. పెట్టె మీద ‘రెండు పొరలు’ అని మాత్రమే ఉంటే ఆ పొరల మధ్య మామూలు గాలో నురగపదార్థమో ఉండవచ్చు, అలాంటివి రెండు మూడు గంటలకు మించి ఆదుకోవు. ‘వాక్యూమ్’ అన్న మాట స్పష్టంగా ఉండాలి.

మంచి ఫ్లాస్కు కొన్నా నింపే పద్ధతి సరిగా లేకపోతే బయలుదేరకముందే కొన్ని డిగ్రీలు పోతాయి. రాత్రంతా చల్లటి గదిలో ఉన్న ఫ్లాస్కు లోపలి గోడా మూతా కలిసి 200 గ్రాముల స్టీలుతో సమానమనుకుంటే, వాటిని 5 డిగ్రీల నుంచి వేడెక్కించడానికే అరలీటరు మరిగిన నీళ్ళు సుమారు 4 డిగ్రీలు కోల్పోతాయి. ఆ నష్టాన్ని వేరే నీళ్ళతో పూడ్చుకోవచ్చు. మరిగిన నీళ్ళు ఫ్లాస్కులో పోసి, మూత పెట్టి, పది నిమిషాలుంచి పారబోసి, ఆ వెంటనే అసలు పానీయం పోయండి. బిరడా కింది భాగానికి నీళ్ళు తగిలేంతగా నింపాలి, దాన్ని కూడా వేడెక్కించడం అవసరం. పానీయం నింపేటప్పుడు బిరడాకు చోటు వదిలి, మిగతా అంతా నింపండి.

పొయ్యి మీద మరుగుతున్నదాన్ని ఆలస్యం చేయకుండా ఫ్లాస్కులోకి చేర్చడం ఇంకా ముఖ్యం. ఆవిరి చాలా వేడిని తీసుకుపోతుంది. నీటిలో నూటికి ఒక వంతు ఆవిరైపోతే మిగిలిన నీళ్ళు సుమారు 5 డిగ్రీలు చల్లబడతాయి. గిన్నెలో వదిలేసి చెప్పులు తొడుక్కుని వచ్చేలోపు అంత నష్టం జరిగిపోవచ్చు. బయట మూత తెరిచినప్పుడూ ఇదే వర్తిస్తుంది, కాబట్టి ఇద్దరి కప్పులూ ముందే సిద్ధం చేసుకుని, ఒకేసారి పోసి, వెంటనే బిగించండి. మీరు ఎత్తైన ప్రాంతాలకు వెళ్ళేవారైతే కింద ఉండగానే నింపుకోండి. సముద్రమట్టానికి 3000 మీటర్ల ఎత్తున నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అంటే అక్కడ నింపితే మొదటే పది డిగ్రీలు తక్కువతో ఆరంభమవుతుంది.

సంచిలో ఫ్లాస్కును బయటి జేబులో కాకుండా బట్టల మధ్య నిలువుగా పెట్టండి. ఉన్ని తొడుగు వేస్తే, అది గోడల చుట్టూ ఉండటం కన్నా మూతనూ మెడనూ కప్పేలా ఉండటం వల్ల ఎక్కువ లాభం. ఒక ఉన్ని టోపీని మూత మీద తొడిగినా చాలు. పడుకోబెడితే వేడి ద్రవం బిరడాను నేరుగా తాకి అక్కడి నుంచి వేడి ఎక్కువగా పోతుంది, కారే అవకాశమూ పెరుగుతుంది.

మీరు అడగని విషయమొకటి ఉంది, కానీ దాన్ని వదిలేయడం నాకు సబబుగా తోచడం లేదు. పాలు కలిపిన టీని గంటల తరబడి గోరువెచ్చగా ఉంచడం ఆరోగ్యానికి మంచిది కాదు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని, వండినవి వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీలకు పైనే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మీ రెండో కప్పు ఇప్పుడు ఆ పరిధి మధ్యలో చాలాసేపు ఉంటోంది. పైగా పాల టీ గంటల పాటు వేడిలో ఉంటే రుచి మారుతుంది, దాని జిడ్డు వాషర్లలో చేరి వాసన పట్టిస్తుంది. ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు మాత్రమే నింపి, టీ పొట్లాలు, చక్కెర, పాలపొడి విడిగా తీసుకెళ్ళి అక్కడే కలుపుకోవడం అన్నివిధాలా మేలు. ప్రతి కప్పూ అప్పుడే కాచినట్టు ఉంటుంది, ఫ్లాస్కు కడగడం సులువవుతుంది, అవసరమైతే అవే నీళ్ళు చేతులు కాచుకోవడానికీ పనికివస్తాయి. టీ నానడానికి 80 డిగ్రీలకు పైబడిన వేడి ఉంటే బాగుంటుంది కాబట్టి మొదటిసారి బాగా దిగుతుంది. రెండోసారికి నీళ్ళు 65, 70 దగ్గరుంటే టీ పలుచగా రావచ్చు. అప్పుడు వేడినీళ్ళలో ఇట్టే కరిగిపోయే కాఫీపొడి సర్దుకుంటుంది.

వేడి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఆత్రపడకండి. 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగడాన్ని, అన్నవాహికకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న అలవాటుగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. మంచి ఫ్లాస్కు నుంచి పోసిన మొదటి కప్పు అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. చలిలో అది కొన్ని నిమిషాల్లో దిగివస్తుంది, అంతవరకూ చేతుల మధ్య పట్టుకుని కూర్చోండి.

ఇంటికి రాగానే మూతను విడదీసి, రబ్బరు వాషర్లను తీసి కడిగి, మూత పెట్టకుండా ఆరబెట్టండి. మరకలకు వంటసోడా, నీళ్ళ వల్ల పేరుకునే తెల్లటి పొరకు నిమ్మఉప్పు చాలు. క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రావణాలు స్టీలును తినేస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి. విడి వాషర్లు దొరికే రకాన్ని ఎంచుకుంటే ఫ్లాస్కు చాలా ఏళ్ళు నిలుస్తుంది, ఎందుకంటే ముందుగా పాడయ్యేది అదే.

కొత్తది తెచ్చిన రోజునే ఇంట్లో పరీక్షించండి. మరిగిన నీళ్ళతో నింపి, మూత బిగించి, పావుగంట తరువాత వెలుపలి గోడంతా అరచేతితో తడిమి చూడండి. మెడ దగ్గర కొద్దిగా వెచ్చగా ఉండటం సహజం. కింద ఎక్కడైనా వేడి తగిలితే శూన్యం పోయిందని అర్థం, మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేయండి. తరువాత 6 గంటలకు వంటగది థర్మామీటరుతో కొలిచి ఆ సంఖ్యను రాసి పెట్టుకోండి. ప్రతి చలికాలం మొదట్లో మళ్ళీ ఒకసారి కొలిస్తే ఫ్లాస్కు పనితనం తగ్గుతోందో లేదో మీకే తెలుస్తుంది.

మీ పాత ఫ్లాస్కుకు కూడా ఇదే పరీక్ష పెట్టండి, నాకు దాని సొట్ట మీద కొంత అనుమానం ఉంది. అడుగున సొట్ట పడినప్పుడు లోపలి గోడా వెలుపలి గోడా ఒకదానికొకటి తగిలినా, గాలి తీసి మూసిన చోట చిన్న పగులు వచ్చినా శూన్యం పని చేయదు. కొన్ని స్టీలు ఫ్లాస్కుల్లో ఆ రంధ్రాన్ని సీసం కలిసిన లోహపు బొట్టుతో మూసి, పైన స్టీలు బిళ్ళ కప్పుతారు. మామూలుగా అది పానీయాన్ని తాకదు, కానీ మీదానికి అడుగు బిళ్ళ ఊడివచ్చి లోపలి భాగం కనిపిస్తుంటే వాడటం ఆపేయండి. బిళ్ళ గట్టిగానే ఉండి, వెలుపలి గోడ చల్లగానే ఉంటే శూన్యం బాగున్నట్టే. లోపమంతా నొక్కుడు మూతదీ అరలీటరు కొలతదీ అవుతుంది, అప్పుడు దాన్ని రెండు మూడు గంటల పనులకు నిశ్చింతగా వాడుకోండి. గోడ వేడెక్కితే మాత్రం దాన్ని బాగుచేసే మార్గం ఇంట్లో లేదు. మంచినీళ్ళ సీసాగా ఉంచుకోవచ్చు కానీ వేడినీళ్ళు పోసి చలిలోకి తీసుకెళ్ళకండి.